ఇఫ్ ఐ వర్ యూ... అసలీ 'వర్' ఎక్కడిది?

మొన్న క్లయింటుకి మెయిల్ రాస్తూ 'ఇఫ్ ఐ వాజ్ యూ' అని కొట్టాను. పక్క సీటు మిత్రుడు చూసి "వాజ్ కాదు బాబూ, వర్" అన్నాడు. ఎందుకురా అంటే "రూల్ అంతే" అన్నాడు. రోజూ కోడ్‌లో బోలెడన్ని 'ఇఫ్'లు రాసే మనకి ఆ జవాబు సరిపోదు కదా! కాస్త తవ్వి చూశాను.

వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లీషులో జరిగినదానికి ఒక క్రియారూపం, ఊహించేదానికి ఇంకోటి ఉండేవి. 'నేను ఉండేవాణ్ణి' అనడానికి 'వాస్', 'నేనే గనక అయితే' అనడానికి 'వేరె'. రానురాను మాటల చివర్లు అరిగిపోయాయి. 1500 నాటికి దాదాపు అన్ని క్రియల్లో ఊహారూపం, భూతకాలం ఒకటైపోయాయి. 'ఇఫ్ ఐ హాడ్ ఎ కార్' అన్నప్పుడు ఆ 'హాడ్' నిన్నటి సంగతి కాదు, ఇప్పుడు కారు లేదని చెప్పడం. 'బీ' క్రియలో మాత్రం తేడా చివర్లో కాకుండా మధ్య హల్లులో ఉంది కాబట్టి 'వర్' బతికిపోయింది. పాత వెర్షన్ నుంచి మిగిలిన కోడ్ అనమాట.

జనం 17వ శతాబ్దం నుంచే 'ఇఫ్ ఐ వాజ్' అనడం మొదలెట్టారు. 1762లో రాబర్ట్ లౌత్, 1795లో లిండ్లీ ముర్రే రాసిన వ్యాకరణాలు బడి పిల్లల ఇంగ్లీషుని చాలాకాలం శాసించాయి. అయినా 1926 నాటికే ఫౌలర్ ఈ ఊహారూపాలు కొనఊపిరితో ఉన్నాయని తేల్చేశాడు. మాటల్లో 'వాజ్' తప్పేం కాదు, పద్ధతిగా రాసేచోట 'వర్' మేలు.

మనకి అసలు చిక్కు వేరే ఉంది. 'నువ్వు చెప్తే వస్తాను', 'నువ్వు చెప్తే వచ్చేవాణ్ణి' - రెంటిలోనూ 'చెప్తే' మారలేదు, తేడా అంతా చివరి క్రియలోనే. ఇంగ్లీషులో రెండు ముక్కలూ మారాలి. 'ఇఫ్ యూ టెల్, ఐ విల్ కమ్', 'ఇఫ్ యూ హాడ్ టోల్డ్, ఐ వుడ్ హావ్ కమ్'. మనం మొదటి ముక్కని తెలుగులోలా వదిలేస్తాం, లేదా అక్కడ కూడా ఓ 'వుడ్' తగిలిస్తాం.

కాబట్టి ఇది తెలివితక్కువతనం కాదు, రెండు భాషల కథలు వేరు, అంతే. మెయిల్‌లో మాత్రం 'వర్' అని దిద్దే పంపాను లెండి!