గోదావరికి ఈవల రోగి, ఆవల ఆసుపత్రి

నాందేడ్ నుంచి సికింద్రాబాదు వైపు వచ్చే రైలులో ముద్ఖేడ్, ఉమ్రీ దాటాక ధర్మాబాద్ వస్తుంది. మిర్చి మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు. జిల్లా నాందేడ్, రాష్ట్రం మహారాష్ట్ర. బజారులో మాత్రం మరాఠీతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. అక్కడినుంచి బాసర, ఆ పైన గోదావరి వంతెన, నిజామాబాదు, తరువాత డిచ్‌పల్లి. నిజాం రాజ్యంలో 1900 సంవత్సరం ప్రాంతంలో వేసిన మార్గం ఇది. ఈ మార్గానికి ఒక కొసన ఉన్న రోగిని, మరో కొసన ఉన్న ఆసుపత్రిని కలిపింది ఏమిటి, విడదీసింది ఏమిటి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

కుష్ఠు వ్యాధిని మన పల్లెల్లో పెద్దరోగం అంటారు. మరాఠీలో మహారోగ్ అంటారు. రెండు మాటలకూ అర్థం ఒక్కటే. భాషలు వేరైనా భయం ఒకటే కదా! ఆ భయం వల్ల రోగిని ఊరి బయట పాకలో పెట్టేవారు. బ్రిటిషు ఇండియాలో 1898లో వచ్చిన చట్టం నిరుపేద కుష్ఠురోగులను పట్టి శరణాలయంలో ఉంచే అధికారం ఇచ్చింది. ఆ చట్టాన్ని మన పార్లమెంటు పూర్తిగా రద్దు చేసింది 2016లో. అంతకుముందే, 1890 నాటి రైల్వే చట్టం అంటువ్యాధి ఉన్నవారిని రైలు ఎక్కనీయకుండా ఆపే వీలు కల్పించింది. వైద్యం దూరాన ఉన్నవాడికి రైలే దారి. ఆ రైలు తలుపు దగ్గరే వాణ్ణి ఆపవచ్చునన్నమాట.

ఇక డిచ్‌పల్లి సంగతి. స్కాట్లండు దేశస్థురాలు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టా పొందిన మనిషి. నిజామాబాదులో పనిచేస్తూ 1911 నుంచి కుష్ఠురోగులకు ఆశ్రయం ఇవ్వడం మొదలుపెట్టారు. వచ్చేవారు పెరిగారు, చోటు చాలలేదు. అప్పుడు ఆదుకున్నవారు నిజామాబాదుకు చెందిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన ఇచ్చిన విరాళం అండగా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. పాలకుడు ముసల్మాను, దాత హిందువు, వైద్యురాలు క్రైస్తవురాలు. ఆనాటి హైదరాబాదులో ఇది వింతగా తోచలేదు. ఇవాళ మనం వింతగా చెప్పుకుంటున్నామంటే, ఆ వింత మనలోనే ఉంది.

ఆసుపత్రి కట్టడానికి ఒక దాత చాలు. నడపడానికి చాలడు. కుష్ఠురోగి పదిరోజుల్లో ఇంటికి వెళ్లే రోగి కాడు. ఏళ్ల తరబడి ఉండేవాడు. బియ్యం, బట్ట, నూనె, పట్టీలు, పనివారి జీతాలు ప్రతినెలా కావాలి. అందుకే గ్రాంటు. ఉర్దూ దఫ్తరు భాషలో ఇమ్దాద్. ఆ రోజుల్లో ఇటువంటి ఆశ్రమాలకు డబ్బు రెండు మూడు వైపుల నుంచి వచ్చేది. వెల్స్లీ బెయిలీ అనే ఐర్లండు దేశస్థుడు 1874లో ప్రారంభించిన మిషన్ టు లెపర్స్ అనే సంస్థ విదేశాలలో చందాలు పోగుచేసి పంపేది. ప్రభుత్వాలు గ్రాంటు ఇచ్చేవి. ఇవి గాక స్థానికుల దానధర్మాలు.

ఇక్కడ శ్రోతలు ఒక్క విషయం గమనించాలి. ఈ గ్రాంటును లెక్కగట్టేది ఎలా? చాలాచోట్ల తలకు ఇంత అని. ఆశ్రమంలో ఎంతమంది రోగులుంటే అన్ని తలలు, అన్ని రూపాయలు. చందాదారుకూ ఇదే సులువు. ఏడాదికి ఇంత పంపితే ఒక రోగిని నీవు పోషించినట్టే అని చెప్పవచ్చు. దూరదేశంలో ఉన్న పెద్దమనిషికి అది మనసుకు పట్టే లెక్క. దస్తావేజులకు కూడా పట్టే లెక్క. ఎందుకంటే మంచాలను ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

కాని ఆ లెక్కలో ఒక లోపం ఉంది. మంచం మీద ఉన్నవాడు వ్యాధి ముదిరినవాడు. వేళ్లు పోయినవాడు, ఊరు తరిమేసినవాడు. వీపు మీద ఒక తెల్లమచ్చ, దాని మీద గిచ్చినా తెలియని స్పర్శలేమి, ఇంతమాత్రమే ఉన్నవాడు పొలంలో పనిచేసుకుంటూ ఉంటాడు. వాడు ఏ ఆశ్రమానికీ రాడు, ఏ లెక్కలోకీ ఎక్కడు. వైద్యం చేస్తే బాగా గుణం కనిపించేది వాడికే.

డాక్టర్ కెర్ ఈ సంగతి తొందరగా గ్రహించిన వారిలో ఒకరు. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ అనే వైద్యుడు చాల్మోగ్రా జాతి నూనెల నుంచి తీసిన మందును సూదిద్వారా ఇచ్చే పద్ధతి తెచ్చాడు. మన ఆయుర్వేదంలో తువరకం అని పేరున్న గింజ కూడా ఈ జాతిదే. నోటితో తాగితే వాంతి. సూదితో ఇస్తే మంట, వాపు. అయినా తొలిదశలో కొంత గుణం కనిపించేది. డిచ్‌పల్లిలో ఆమె ఆ పద్ధతిని మొదట్లోనే అందుకున్నారు. పేరులోనే చూడండి, అది శరణాలయం కాదు, చికిత్సాలయం అన్నారు. 1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932 జనవరిలో కన్నుమూశారు.

రోజర్స్ మొదలైనవారు 1924లో ఇంగ్లండులో బ్రిటిష్ ఎంపైర్ లెప్రసీ రిలీఫ్ అసోసియేషన్ అనే సంస్థను పెట్టారు. మరుసటి ఏడు వైస్రాయి లార్డ్ రీడింగ్ విజ్ఞప్తితో దాని భారత శాఖకు నిధి పోగైంది. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఈ నిధి కాలంలో చెప్పిన మాట చాలా విలువైనది. డబ్బంతా మంచాలకు పోస్తే వ్యాధి తగ్గదు. ఊళ్లకు వెళ్లండి, ప్రచారం చేయండి, చికిత్స ఇవ్వండి, సర్వే చేయండి అన్నాడు. అంటే గ్రాంటు తలను బట్టి గాక దారిని బట్టి పోవాలన్నమాట.

అయితే మంచం లెక్కను తేలికగా కొట్టివేయడం నాకు ఇష్టం లేదు. వారానికో రెండు వారాలకో సూది వేయించుకోవాలి. డిచ్‌పల్లి పక్కపల్లె వాడు నడిచి వచ్చి పోగలడు. ధర్మాబాద్ దగ్గరి కూలివాడు ఏం చేయాలి? రోజు కూలి పోగొట్టుకుని, రైలు చార్జీ పెట్టుకుని, రైలు ఎక్కనిస్తారో లేదో అని బెదురుతూ గోదావరి దాటాలి. అతనికి మంచమే దారి. వారం వారం సూది అక్కరలేని మందు వచ్చేదాకా ఈ చిక్కు తీరలేదు.

ఆ మందు వచ్చిన కథలో డిచ్‌పల్లికీ పాత్ర ఉంది. కెర్ దంపతులతో కలిసి అక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లో, తరువాత కలకత్తా వెళ్లి, అటుపైన ఆఫ్రికాలో నైజీరియాకు వెళ్లారు. 1940ల చివర డాప్సోన్ మందును నోటి మాత్రగా, కొద్ది మోతాదులో, ఏళ్ల తరబడి నిరపాయంగా ఇవ్వవచ్చునని చూపినవారిలో ఆయన ముఖ్యులు. మాత్ర చవక. జేబులో పెట్టుకుని ఇంటికి పోవచ్చు. మంచం చుట్టూ అల్లిన గ్రాంటు లెక్కలన్నీ ఆ చిన్న మాత్రతో కదిలిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో గీత పడింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల వారీగా విడదీశారు. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి పోయింది, 1960లో మహారాష్ట్ర అయింది. నిజామాబాదు, ఆదిలాబాదు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ధర్మాబాద్‌కు బాసర పక్కూరే, కాని పరాయి రాష్ట్రం. అంతకు ఏడాది ముందు, 1955లో, కేంద్రం జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. స్వచ్ఛంద సంస్థలకు సర్వే, విద్య, చికిత్స అనే పథకం కింద గ్రాంట్లు వచ్చాయి. సుమారు ఇరవై, పాతిక వేల జనాభాకు ఒక కార్యకర్త; అతను ఇల్లిల్లూ తిరగాలి. మ్యూర్ కోరింది ఇదే. కాని జనాభా లెక్క అంటే సరిహద్దు లెక్క. కార్యకర్త తిరిగే ఊళ్ల జాబితా రాష్ట్రం గీత దగ్గర ఆగుతుంది. రోగి ఆగడు. మిరపకోతకు అటు పోతాడు, పెళ్లికి ఇటు వస్తాడు. అతని కార్డు ఒక రాష్ట్రంలో, అతను ఇంకో రాష్ట్రంలో ఉంటే, పుస్తకంలో "మందు మానేసినవాడు" అని పడుతుంది.

1980ల నుంచి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స వచ్చింది. 1983లో నియంత్రణ కార్యక్రమం నిర్మూలన కార్యక్రమం అయింది. 1993 తరువాత ప్రపంచ బ్యాంకు సాయం అందింది. 1995 నుంచి అయిదేళ్లు జపానుకు చెందిన నిప్పన్ ఫౌండేషన్ ప్రపంచమంతటికీ మందులు ఉచితంగా ఇప్పించింది. 2000 నుంచి ఆ పని నోవార్టిస్ కంపెనీ చేపట్టింది. 1924 నాటి ఆ బ్రిటిషు సంస్థే లెప్రా అనే పేరుతో 1989లో హైదరాబాదులో సొసైటీగా పని ప్రారంభించింది. డబ్బు ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది, గోదావరి దాటడమే కష్టమైంది.

2005 డిసెంబరు నాటికి దేశంలో పదివేల జనాభాకు ఒక రోగి కంటే తక్కువ అని తేలింది. నిర్మూలన సాధించామన్నారు. ప్రత్యేక సిబ్బంది పని సాధారణ ఆరోగ్య కేంద్రాలకు అప్పగించారు. కాని వ్యాధి పోలేదు. 2022-23లో దేశంలో లక్షా మూడువేలకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి.

ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగేది ఆశా కార్యకర్త. కార్యక్రమం నియమాల ప్రకారం కొత్త రోగిని గుర్తించి నిర్ధారణ అయితే ఆమెకు 250 రూపాయలు. అంగవైకల్యం కనబడ్డాక గుర్తిస్తే 200. ఆరునెలల చికిత్స పూర్తి చేయిస్తే 400, ఏడాది చికిత్స పూర్తి చేయిస్తే 600. మళ్లీ తలకు ఇంత లెక్కే వచ్చింది. తేడా ఏమిటంటే, వెనుకటి లెక్క వేళ్లు పోయినవాడికి డబ్బిచ్చింది. ఈ లెక్క వేళ్లు పోకముందే పట్టుకున్నందుకు ఒక యాభై రూపాయలు ఎక్కువ ఇస్తుంది. ఆ యాభై రూపాయలు ఆలోచించిన గుమాస్తా ఎవరోగాని, మ్యూర్ చెప్పింది అతనికి అర్థమైంది.

2018లో ధర్మాబాద్ తాలూకాలో కొందరు సర్పంచులు తమ ఊళ్లను తెలంగాణలో కలపమని అడిగారు. పక్క రాష్ట్రపు సంక్షేమ పథకాలు చూసి అడిగిన మాట అది. పత్రికలు రాశాయి, తరువాత సద్దుమణిగింది. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ ఊళ్లలో ఒక కూలిమనిషి వీపు మీద మచ్చ చూసి ఆశా కార్యకర్త మరాఠీలో ఫారం నింపుతుంది. ఎప్పటినుంచి ఉంది అని అడుగుతుంది. అతను తెలుగులో జవాబు చెబుతాడు. వచ్చేనెల ఎక్కడుంటావు అని కూడా అడుగుతుందా? ఆ ప్రశ్నకు ఫారంలో గడి ఉందో లేదో, ఈ ప్రసంగం వింటున్న ఆరోగ్యశాఖ వారు ఒక్కసారి చూడాలి.