బందరుకోటలో మా తాతలెవరు?

బందరు తెలుగు మాట కాదు. పారశీకంలో 'బందర్' అంటే రేవు. కృష్ణాజిల్లాలో ఆ మాట పలకని నోరు లేదు, బందరు లడ్డు తినని నోరూ లేదు. నువ్వెక్కడి నుంచి వచ్చావని ఆ మాటనెవరూ నిలదీయరు. సర్కారునీ, వకీలునీ, బజారునీ ఎవరూ అడగరు. మమ్మల్ని మాత్రం అడుగుతారు.

ఆ ప్రశ్న ఈమధ్య మా పిల్లలదాకా వచ్చింది. "అబ్బా, మనం అరబ్బుదేశం నుంచి వచ్చామంట కదా?" అని చిన్నవాడు బడి నుంచి మోసుకొచ్చాడు. నోటితో చెప్పేకన్నా చూపించడం మేలనుకున్నాం. ఓ ఆదివారం ఖుస్కా, దాల్చా గిన్నెల్లో సర్దుకుని, అమ్మీజాన్‌ని కూడా వెంటబెట్టుకుని బెజవాడలో బస్సెక్కాం.

కోట ఊరికి అవతల సముద్రం వైపు వుంది. జనం డచ్చికోట అంటారు. కప్పులేని గోడలు, సున్నం రాలిన ఇటుకలు, సందుల్లో మొలిచిన పొదలు. గోలకొండలాంటిది వూహించుకొచ్చిన పిల్లల మొహాలు వాడిపోయాయి. "ఇక్కడ రాజెవరు?" అంది పెద్దపిల్ల. రాజెవడూ లేడు. వున్నది సరుకు, దాని చుట్టూ కంపెనీల కొట్లాట.

డచ్చివాళ్లు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ 1611లో వచ్చింది. మన పుస్తకాల్లో బందరు చరిత్ర అక్కడే మొదలవుతుంది. అంతకుముందు సముద్రం ఎండిపోయి వున్నట్టు! నిజానికి వాళ్లు దిగింది గోలకొండ కుతుబ్‌షాహీల రేవులో. వాళ్ల అధికారుల అనుమతి కోసం పడిగాపులు పడి, ఫర్మానాలు తెచ్చుకుని బతికారు. ఇక్కణ్ణించి ఇరానుకీ, ఎర్రసముద్రానికీ, ఆగ్నేయాసియాకీ ఓడలు పోయేవి. ఎర్రసముద్రం వైపు పోయే గోలకొండ ఓడల్లో సరుకుతోపాటు హజ్ యాత్రికులూ వుండేవారు. హజ్ మాట వినగానే అమ్మీజాన్ గోడకానుకుని సముద్రం వైపు చాలాసేపు చూసింది.

ఇరాను నుంచి వచ్చిన వర్తకుడు మీర్ జుమ్లా ఇక్కడ అధికారం చేశాడు, సొంత ఓడలు నడిపాడు, గోలకొండ దర్బారుకెక్కాడు, చివరికి మొగలుల వైపు ఫిరాయించాడు. ఈయన మా తాత అని చెప్పుకోవాలని మాలో కొందరికి మహా సరదా. ఆ సరదా మాకు లేదు. మా దాదా జట్కా తోలాడు. ఆయన నాన్న ఏం చేశాడో ఏ ఫర్మానాలోనూ వుండదు.

నవాబుల మీద మోజున్నవాళ్లు 1759 కూడా చదవాలి. అప్పటికి కోట ఫ్రెంచివాళ్లది. ఏప్రిల్ 7 రాత్రి కర్నల్ ఫోర్డ్ సేన దాడిచేసి తెల్లారేసరికి పట్టేసుకుంది. ఫ్రెంచివాళ్లకు సాయమని పెద్ద సైన్యంతో బయల్దేరిన సలాబత్ జంగ్ దగ్గర్లోనే వున్నాడు. కోట పడిందని తెలిసి మే 14న సంధి మీద సంతకం చేసి, బందరునూ చుట్టుపక్కల సీమనూ ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాడు. ఇచ్చినవాడి పేరు మా పేరులాంటిదే. పోయిన నేల మాత్రం ఆయనది కాదు, దున్నుకునేవాళ్లది. ఆ నవాబు లెక్కలు మా పిల్లలెందుకు అప్పజెప్పాలి?

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. అందులో తురకలెందరో, మాలలెందరో, పల్లెకారులెందరో నీళ్లు చూసుకోలేదు. కోట గోడ నీడలో అన్నాలు తిన్నాక, ఎవరూ చెప్పకుండానే అమ్మీజాన్ చేతులెత్తి ఫాతిహా చదివింది. "ఎవరికి నన్నీ?" అని పిల్లలడిగితే "సబ్ కే లియే" అంది.

సాయంత్రం పెడన వెళ్లాం. అసలు చూపించాలనుకున్నది అదే. కలంకారీ మాట కూడా పారశీకమే: కలంతో చేసే పని. పేరు కలానిదైనా పెడనలో పని చెక్క అచ్చులది. టేకు అచ్చుల మీద ఇరాను వాళ్లు మెచ్చిన పూలు, తీగలు, సైప్రస్ చెట్లు. రంగు మాత్రం ఈ నేలది. బట్టను కరక్కాయ నీళ్లలో, పాలల్లో ముంచి ఆరేస్తారు. ఇనపతుక్కు, బెల్లం కలిపి వూరబెడితే నలుపు. పటిక అద్ది వేళ్ల రంగులో ఉడకబెడితే ఎరుపు. ఆ పువ్వు ఇరానుదా, కృష్ణాజిల్లాదా? విడదీయాలంటే బట్ట చింపాలి. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు అంత దూరం నుంచి వచ్చింది ఈ నేత కోసం, ఈ అద్దకం కోసం. కోట కట్టించినవాళ్ల సమాధులు బందరులో చిహ్నాలతో సహా వున్నాయి. బట్ట అద్దినవాళ్లవి వెతికినా దొరకవు.

అద్దకంబల్ల దగ్గర పనివాడు చిన్నవాడి చేతికి అచ్చిచ్చి, ఓ గుడ్డపేలిక మీద వేయించాడు. పువ్వు వంకరగా పడింది. అరచెయ్యంతా నల్లరంగు. అవతల అమ్మీజాన్ దుప్పటి మడత విప్పి, అంచు వేళ్లతో నలిపి చూసి, "ఖరీదెంత నాయనా?" అని బేరం మొదలుపెట్టింది.