పొరుగింటి పొగ

చలికాలం పొగమంచు చూస్తే నాకు లండను ఇల్లాళ్లు గుర్తొస్తారు. 1952 డిసెంబరు 5న చలికి తట్టుకోలేక అక్కడ ఇంటింటా బొగ్గు నిప్పు రాజేశారు. మంచి బొగ్గు ఎగుమతికి పోగా ఇళ్లకు దక్కింది నాసిరకం. గాలి కదల్లేదు. ఇళ్ల పొగా, కరెంటు కేంద్రాల పొగా మంచులో కలిసి అయిదు రోజులు ఊరిమీదే తిష్ఠ వేశాయి. కొన్ని వీధుల్లో ఎవరి పాదాలు వాళ్లకే కనపడలేదట! పోయినవాళ్లు 4,000 మందని అప్పటి లెక్క. 12,000 దాకా అని తర్వాతి పరిశోధకుల అంచనా. పసివాళ్లూ, ముసలివాళ్లే ఎక్కువ.

1956లో చట్టం చేశారు. ఇళ్లలో పొగరాని ఇంధనం వచ్చింది. కరెంటు కేంద్రాలకు మాత్రం ఎత్తయిన గొట్టాలు కట్టారు. హమ్మయ్య అనుకుంటున్నారా? ఆగండి. మన చెత్త పక్కింటి గుమ్మంలోకి ఊడ్చినట్టయింది! బ్రిటనూ, మిగతా యూరపూ వదిలిన గంధకపు పొగ గాలివాటున పోయి నార్వే, స్వీడన్లలో ఆమ్లవర్షమై కురిసింది. సరస్సుల్లో చేపలు చచ్చాయి. ఆ సంగతి 1967లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంతె ఓడెన్ బయటపెట్టారు. 1979లో జెనీవాలో దేశాలు ఒడంబడిక చేసుకున్నాకే యూరపులో గంధకం బాగా తగ్గింది.

ఇంటికైతే ప్రహరీ కట్టుకుంటాం. గాలికెవరు కడతారు, చెప్పండి?