కొండ మీద గీసిన గీత

1397లో స్విట్జర్లాండ్‌లోని ఆండర్‌మాట్ లోయ జనం ఒక కట్టుబాటు రాసుకున్నారు. ఊరికి పైన, వాలు మీద ఉన్న అడవిలో ఎవరూ చెట్టు కొట్టకూడదు. చలికి వణికే లోయ అది, కట్టెలకు ఎప్పుడూ కరువే. అయినా ఆ అడవి జోలికి పోవద్దని ఊరంతా ఒక మాట మీదికి వచ్చింది, ఎందుకంటే పై నుంచి విరిగిపడే మంచుచరియకు ఆ చెట్లే అడ్డు. ఆ కట్టుబాటులో నన్ను ఆకట్టుకునేది దాని పొదుపు. ఈ ఏడు చరియ పడుతుందా, పడితే ఏ నెలలో పడుతుంది అన్న ఊసే అందులో లేదు. వాళ్లకు తెలిసింది ఒక్కటే: పడితే ఇక్కడ పడుతుంది. కాబట్టి ఇక్కడ గీత గీశారు.

మంచుకొండల్లో ప్రమాదాన్ని అంచనా వేసే విద్యకు ఆరు వందల ఏళ్ల చరిత్ర ఉందనుకుంటే, దాన్ని రెండు ప్రశ్నల మధ్య సాగిన ప్రయాణంగా చదవవచ్చు. ఒకటి ‘ఎక్కడ’, రెండోది ‘ఎప్పుడు’. ఊళ్లు మొదటి ప్రశ్నతో బతికాయి. ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రం రెండో ప్రశ్నను పట్టుకుని అద్భుతాలు చేసింది. కానీ స్కీలు వేసుకుని, కాపలా లేని వాలుల్లోకి సొంతంగా వెళ్లే మనిషిని కాపాడే దగ్గరికి వచ్చేసరికి, ఆ శాస్త్రమే తన పరిమితిని ఒప్పుకుని మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికి వచ్చింది. ఈ రాకను కొందరు వెనకడుగు అంటారు. నా లెక్కలో ఈ విద్య వేసిన పెద్ద ముందడుగు ఇదే.

‘ఎక్కడ’ అన్న ప్రశ్నను మొదట పద్ధతిగా అడిగినవాడు యోహాన్ కోఆజ్. 1850లో పిజ్ బెర్నినా శిఖరాన్ని తొలిసారి ఎక్కిన జట్టు ఆయనదే. తరవాత స్విస్ అటవీ శాఖకు పెద్ద అధికారి అయ్యాడు. 1881లో ఆల్ప్స్ మంచుచరియల మీద పుస్తకం వేశాడు. అటవీ ఉద్యోగులు కొండ కొండకూ తిరిగి, ఏ చరియ ఏ దారిన దిగుతుందో రాసిపెట్టడం ఆయన హయాంలో పెరిగింది. ఇక రెండో ప్రశ్నకు ఊపు తెచ్చింది స్కీ. ఊళ్లో ఉండే మనిషి మీద చరియ వచ్చి పడేది, స్కీల మీద వెళ్లే మనిషి తానే చరియ దగ్గరికి పోతున్నాడు. 1931లో స్విస్ ప్రభుత్వం పరిశోధనకు ఒక సంఘాన్ని వేసింది. 1936లో దావోస్ పైన వైస్‌ఫ్లూయోహ్ కనుమ దగ్గర, రెండున్నర వేల మీటర్లు దాటిన ఎత్తులో, మంచు మధ్యే ప్రయోగశాల వెలిసింది. అక్కడి కొలత మైదానంలో అప్పటి నుంచి ప్రతి చలికాలం రోజూ మంచు లోతు కొలుస్తూనే ఉన్నారు. నేల యంత్రశాస్త్రం చదివిన హేఫెలి, స్ఫటికాలు చదివిన బాడర్ మొదలైనవాళ్లు అక్కడ చేసిన పని 1939లో పుస్తకంగా వచ్చింది. ‘మంచు, దాని రూపాంతరం’ అనే అర్థం వచ్చే పేరు దానిది. 1954లో అమెరికా సైన్యపు మంచు పరిశోధన సంస్థ దాన్ని ఇంగ్లీషులోకి తెప్పించుకుంది.

ఆ రూపాంతరం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కురిసిన మంచు కురిసినట్టు ఉండదు. నేలను ఆనుకున్న పొర దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి మైనస్ ఇరవైకి పోవచ్చు. మధ్యలో ఉన్న మంచు పలచనైతే ఆ తేడా అంతా తక్కువ మందంలో ఇమడాలి. మీటరుకు పది డిగ్రీలు మించిన తేడా వస్తే, కింది రేణువుల నుంచి ఆవిరి లేచి పై రేణువులకు అంటుకుని గడ్డకడుతుంది. కొన్నాళ్లకు గుండ్రటి రేణువులు కోణాలు తేలి, ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేస్తాయి. అరచేతిలోకి తీసుకుంటే పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. జర్మన్ స్కీ యోధుడు, భూగర్భ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పౌల్కె కాలంలో దీన్ని ‘ఈదే మంచు’ అనేవారు. ఈ పంచదార మీద గాలి ఒక గట్టి పలకను పేర్చిందంటే ఉచ్చు సిద్ధమైనట్టే. మనిషి బరువుకు పంచదార పొర ఒకచోట కూలుతుంది. ఆ కూలడం పలక కింద పరుగెత్తి, వాలంతా ఒక్కసారిగా తెగుతుంది. ప్రాణాలు తీసే చరియల్లో పదింట తొమ్మిదింటిని బాధితుడో, అతని జట్టులోని మరొకరో తెంపుతారు. పైనుంచి దెబ్బ పడటం అరుదు. కాలి కిందే అది మొదలవుతుంది.

ఇంత తెలిశాక ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు జవాబు చేతికందిందని అనుకోవడం సహజమే. 1945 నుంచి దావోస్ సంస్థ దేశమంతటికీ ప్రమాద ప్రకటనలు ఇవ్వడం మొదలుపెట్టింది. 1951 జనవరిలో ఆల్ప్స్ మీద మంచు విరుచుకుపడింది. ఆ చలికాలం స్విట్జర్లాండ్‌లోనే 98 మంది చనిపోయారు. ఆండర్‌మాట్ మీద కూడా చరియలు పడ్డాయి, 13 మంది పోయారు. 1999 ఫిబ్రవరిలో మళ్లీ దాదాపు అంతటి మంచు కురిసింది. నష్టం చేసిన చరియల సంఖ్య రెండుసార్లూ వెయ్యి దాటింది. కానీ రెండోసారి స్విట్జర్లాండ్‌లో పోయిన ప్రాణాలు 17. ఈ తేడాలో ముందస్తు సూచనకు వాటా ఉంది: రోడ్లు మూశారు, ఊళ్లు ఖాళీ చేయించారు. అయితే 1951 తరవాత ఎక్కడ ఇల్లు కట్టకూడదో పటాల మీద ఎర్రరంగు వేసి చెప్పడం, చరియలు మొదలయ్యే వాలుల మీద ఉక్కు అడ్డుకట్టలు వరసలు తీర్చడం, వీటి వాటా కూడా తక్కువేమీ కాదు. ఊరి విషయంలో 1397 నాటి గీత ఏనాడూ చెరిగిపోలేదు, మరింత చిక్కనైంది.

చెరిగింది స్కీ మనిషి విషయంలో. అతనికి ఇచ్చిన ఆయుధం పార. వాలు మీద గుంత తవ్వు, పొరలు చూడు, పరీక్షించు, ఆపైన నిర్ణయించుకో అన్నారు. స్విస్ సైన్యంలో పుట్టిన ‘రుచ్‌బ్లాక్’ పరీక్ష వీటన్నిటిలోకీ గట్టిది. ముప్ఫై డిగ్రీలకు తగ్గని వాలులో, రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర పొడవు ఉన్న మంచు దిమ్మెను నాలుగు పక్కలా కోసి విడదీస్తారు. స్కీలతో పై అంచు నుంచి మెల్లగా దాని మీదికి అడుగేస్తారు. తెగకపోతే మోకాళ్లు వంచి ఒత్తుతారు, తరవాత ఎగిరి దూకుతారు, మళ్లీ దూకుతారు. ఏ దశలో తెగిందో దాన్నిబట్టి ఏడు మార్కుల కొలత. 1987లో పాల్ ఫ్యోన్ దీన్ని లెక్కలతో సహా పరిశీలించి ప్రచురించాడు. కెనడాలో ముప్ఫై సెంటీమీటర్ల స్తంభాన్ని కోసి, పైన పార పెట్టి, మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది దెబ్బలు వేసే పరీక్ష వచ్చింది. 2000ల నడుమ వచ్చిన 90 సెంటీమీటర్ల స్తంభం పరీక్ష ఇంకో మెట్టు పైకెళ్లింది. పగులు పుట్టడం ఒకటి, అది వ్యాపించడం ఇంకొకటి అని గుర్తించి రెండోదాన్ని కూడా చూసింది. ఒక్కొక్కటీ ముందుదానికన్నా తెలివైన పరీక్ష.

చిక్కంతా గుంతకూ గుంతకూ మధ్య ఉంది. ఒకే వాలు మీద పది మీటర్ల దూరంలో మంచు మారిపోతుంది. ఇక్కడ గాలి తోసుకొచ్చి రెండు మీటర్లు పేర్చింది, అక్కడ కింద దాగిన రాయి వల్ల అర మీటరే ఉంది. బలహీన పొర ఇక్కడ లోతున ఉంది, అక్కడ పైకి వచ్చేసింది. గుంత గట్టిదని చెప్పిన చోట నిలబడిన మనిషికి, ఇరవై అడుగుల అవతల ఏముందో ఆ గుంత చెప్పదు. తెగింది అంటే ప్రమాదం ఉందని రుజువైనట్టు. తెగలేదు అంటే క్షేమం రుజువైనట్టు కాదు. ఈ రెంటికీ ఉన్న తేడాను గ్రహించడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ తేడాను పట్టుకుని వాదించినవాడు స్విస్ పర్వత మార్గదర్శి వెర్నర్ మున్టర్. 1993లో ఐరోపా దేశాలు కలిసి ఐదు మెట్ల ప్రమాద సూచిక ఒప్పుకున్నాయి. మన కోస్తా రేవుల్లో ఎగరేసే తుపాను హెచ్చరిక నంబర్ల లాంటివే ఇవి, కానీ ఒక తేడా ఉంది. ఇక్కడ నడిమి మెట్టు మూడో నంబరు రోజుల్లోనే స్కీ మరణాలు ఎక్కువగా జరుగుతాయి. నాలుగు, ఐదు చూస్తే జనం ఇంట్లో ఉంటారు, మూడు చూసి బయల్దేరతారు. మున్టర్ ఈ నంబరును వాలు కోణంతో ముడిపెట్టాడు. రెండో నంబరు రోజున 40 డిగ్రీల లోపు ఉండు, మూడో నంబరుకు 35 లోపు, నాలుగుకు 30 లోపు. ఆయన పూర్తి పద్ధతిలో ఒకటి నుంచి నాలుగు నంబర్లకు 2, 4, 8, 16 అనే విలువలు ఇస్తారు. వాలు కోణం తక్కువైతే, నీడపట్టు ఉత్తరపు వాలులు మానుకుంటే, జట్టు చిన్నదై ఎడం పాటిస్తే, ఆ విలువను భాగించుకుంటూ పోతారు. ఒకటికి మించకుండా మిగిలితే వెళ్లొచ్చు. ఇందులో ఎక్కడా మంచును చేత్తో ముట్టుకునే పని లేదు.

మంచు శాస్త్రం చదివినవాళ్లకు ఇది మింగుడుపడలేదు. వాళ్ల అభ్యంతరాల్లో బలముంది. సగటు లెక్క ఈ వాలు గురించి ఏం చెబుతుంది? ప్రమాదాల లెక్క ఉంది సరే, ప్రమాదం లేకుండా అదే వాలు దాటినవాళ్లెందరో లెక్కేది? నిష్కారణంగా ఎన్నో మంచి వాలులు వదులుకోవాల్సి రాదా? మూడింటినీ ఒప్పుకోవాల్సిందే. అయినా ఈ అభ్యంతరాలు ఒక విషయాన్ని దాటేస్తాయి. ఆ నంబరు గాల్లోంచి రాదు. వందలమంది పరిశీలకులు, వందల గుంతలు, కొండల మీది స్వయంచాలక కేంద్రాలు, వాతావరణ నమూనాలు అన్నీ కలిసి అందులో ఉన్నాయి. గుంతను మున్టర్ లెక్క పారేయలేదు, దానికి తగిన చోట పెట్టింది. ఒక్క గుంత ఒక్క మనిషికి చెప్పే మాట బలహీనం. వంద గుంతలు పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఒక ప్రాంతపు మాట తేలుతుంది. దాన్ని విన్న మనిషి తన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఖచ్చితమైన కొలత, అంటే వాలు కోణం, దానికి జోడిస్తాడు. కోణం నిన్నా ఇవాళా మారదు, అబద్ధం చెప్పదు.

ఇంకో అభ్యంతరం అనుభవం పేరుతో వస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ కొండల్లో తిరిగినవాడికి లెక్కలెందుకు అని. అనుభవం మీద నాకు గౌరవం తక్కువ కాదు. నాగలి పట్టినవాడికి నేల నేర్పుతుంది, ఎందుకంటే తప్పుకు ఆ పంటకే ఫలితం కనబడుతుంది. మంచు వాలు అలా నేర్పదు. ప్రమాదకరమైన వాలును పదిసార్లు దాటినా తొమ్మిదిసార్లు ఏమీ కాకపోవచ్చు. ప్రతిసారీ అది నేర్పేది ఇలాగే వెళ్లొచ్చనే. ఇయాన్ మెకామన్ 2004లో, అమెరికాలో 1972 నుంచి 2003 దాకా జరిగిన 715 ప్రమాదాలను విశ్లేషించాడు. బాగా శిక్షణ పొందినవాళ్లు కూడా తమకు అలవాటైన వాలుల మీదికి వచ్చేసరికి, శిక్షణ లేనివాళ్లలాగే తెగించారని అందులో తేలింది. తెలిసిన చోటు, ముందు వేసి ఉన్న స్కీ జాడలు, జట్టులో పెద్దవాడి మీది నమ్మకం: ఇవి మంచు గురించి చెప్పే సంకేతాలు కావు, కానీ మనసు వాటినే చదువుతుంది. ముందు రోజు రాత్రి బల్ల దగ్గర కూర్చుని వేసుకున్న లెక్కకు ఈ మొహమాటం ఉండదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మన దేశం నుంచే రావాలి. చోటు ఎంచుకునే హక్కు లేనివాడి సంగతేమిటి? సియాచిన్‌లో దాదాపు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సైనిక స్థావరం మీద 2016 ఫిబ్రవరి 3న మంచు కూలి, మద్రాస్ రెజిమెంటుకు చెందిన పదిమంది కూరుకుపోయారు. వాళ్లలో ఒకరు కర్నూలు జిల్లా బిడ్డ. ఇలాంటి చోట్ల కోసమే 1969లో మనాలిలో మంచుచరియల పరిశోధనా సంస్థ పెట్టారు. సరిహద్దును కాసేవాడు, కనుమ దారిలో లారీ తోలేవాడు ‘ఎక్కడ’ అని అడిగితే జవాబు ముందే నిర్ణయమైపోయి ఉంది. వాళ్లకు ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నే దిక్కు. దాన్ని ఇంకా పదును పెట్టాల్సిన బాధ్యత శాస్త్రం మీద ఉంది. నా వాదన వాళ్లకు వర్తించదు. ఇష్టపడి వెళ్లేవాడికే వర్తిస్తుంది. ఎంచుకునే అవకాశం చేతిలో ఉండి కూడా, దాన్ని వదిలేసి జోస్యం అడగడం దగ్గరే నాకు పేచీ.

2003 చలికాలంలో కెనడాలో పన్నెండు రోజుల తేడాతో రెండు చరియలు ఏడేసి మందిని బలిగొన్నాయి. రెండోసారి పోయినవాళ్లు రోజర్స్ పాస్ దగ్గర లోయలో స్కీల మీద వెళ్తున్న బడిపిల్లలు. చరియ వాళ్లు తెంపింది కాదు, ఎదురుగా ఉన్న కొండ పైనుంచి తనంత తానుగా వచ్చింది. ఆ దుఃఖం తరవాత కెనడా జాతీయ పార్కుల సంస్థ నేలనే మూడు తరగతులుగా విడగొట్టింది: సులువైనది, కష్టమైనది, చిక్కుల్లో చిక్కైనది. పిల్లల జట్లు మూడో తరగతి నేల మీదికి అసలు పోకూడదు, రెండో దాని మీదికి అర్హత ఉన్న మార్గదర్శి లేకుండా పోకూడదు. మంచు ఎలా ఉన్నా సరే, ఆ రోజు నంబరు ఎంతైనా సరే. ఆండర్‌మాట్ లోయ జనం ఈ నిబంధన చదివితే వెంటనే అర్థం చేసుకునేవారు.

ఇప్పుడు స్విస్ పటాల మీద 30 డిగ్రీలు దాటిన వాలులు పసుపు రంగులో, 35 దాటినవి నారింజలో, 40 దాటినవి ఎరుపులో కనిపిస్తాయి. ఆ రంగులు చలికాలమంతా మారవు. దావోస్ నుంచి కొత్త నంబరు సాయంత్రం ఐదింటికి వస్తుంది. రేపటి దారిని ఆ రంగుల మధ్య పెన్సిలుతో గీసుకునే పని అప్పుడు మొదలవుతుంది.