మోల్ చేసిన నేరమెంత?

1702 ఫిబ్రవరిలో ఇంగ్లండు రాజు మూడవ విలియం గుఱ్ఱముపైనుండి పడి భుజము దగ్గరి యెముక విరుగగొట్టుకొనెను. మార్చి 8వ తేదీన మరణించెను. మోల్ అను జంతువు ఎగదోసిన మట్టిదిబ్బపై గుఱ్ఱము తొట్రుపడినదని ప్రసిద్ధి. రాజవిరోధులైన జాకొబైటులు "నల్లమఖమలు తొడిగిన చిన్న దొర" పేర మధుపాత్రల నెత్తిరి.

ఈ చిన్న దొర యెవరు? దక్షిణ భారతమున మోల్ లేదు. దీనిని మన పందికొక్కుగా భ్రమింపరాదు. ఇది ఎలుకజాతిది కాదు. చుంచుకు దగ్గరి చుట్టము. పారలవంటి ముందరి పాదములు, గసగసాల గింజంత కన్నులు, ఎటు నిమిరినను ఒరిగెడు బొచ్చు దీని లక్షణములు. ముఖ్యాహారము వానపాములు. దొరికినవాటి తలను కొరికి, చావక కదలలేని స్థితిలో వందలకొద్ది నిలువచేయును.

ఫ్రెంచి విప్లవకాలమున పల్లె చేరిన లెకూర్ అనునతడు మోల్‌లను పట్టుటకై వాటి నడవడి నంతయు పరిశీలించెను. సొరంగము పొడవున చిన్న జెండాలు కట్టిన గడ్డిపరకలు గ్రుచ్చి, ఒక చివర కొమ్ము నూదించెను. బెదరిన మోల్ పరుగెత్తగా జెండాలు వరుసగా పడిపోయినవి. ఆ వేగము దుడుకునడక గుఱ్ఱముతో సమానమని జంతుశాస్త్రజ్ఞుడు జెఫ్రా సెంతిలేర్ ఎదుట నిరూపించెను. లెకూర్ పద్ధతులను కాదె ద వో 1803లో గ్రంథముగా ప్రకటించెను.

చెట్లనీడ తోటలలో రాలిన ఆకులు కుళ్లి నేల చెమ్మగా, మెత్తగా నుండును; వానపాములు మెండు. వసంతమున మగ మోల్‌లు జోడు వెదకుచు దూరముగా త్రవ్వును. అప్పుడే తోటమాలికి దుంపలు కొరుకబడి కనిపించును. కాని మోల్ దుంపలు తినదు. దాని సొరంగములలో దూరి తినునది ఎలుకజాతి వోల్. తప్పొకరిది, శిక్ష యొకరికి!

ఆ శిక్షయు ఘోరమైనదే. మన యడవులలోని ముష్టిగింజలలో నుండు స్ట్రిక్నిన్ విషమును వానపాములకు పట్టించి బ్రిటనులో మోల్‌లను చంపెడివారు. బాధాకరమైన ఆ మరణమును 2006లో అచట నిషేధించిరి.

మోల్ పూర్తిగా నిర్దోషి కాదు. సొరంగము త్రవ్వునపుడు లేతమొక్కల వేళ్లు పైకి లేచి ఎండును. అయితే లేచిన మన్ను నదిమి నీరు పోసిన చాలును. దిబ్బలోని మెత్తనిమన్ను కుండీలకు పనికివచ్చును. నేరమును విచారింపక విషము పెట్టుటకంటె, నేల క్రింద నెవరేమి చేయుచున్నారో తెలిసికొనుట మేలు.