సమస్యా సృష్టి – కృత్రిమ మేధ: హైదరాబాదు చదరంగ చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

కీలక పదాలు: సమస్య, చదరంగం, సర్దార్‌నామా, కృత్రిమ మేధ, మౌలికత.

1. ఉపోద్ఘాతం:

అవధానంలో పృచ్ఛకుడు అసంగతంగా తోచే పాదాన్ని ఇస్తాడు. అవధాని మిగిలిన పాదాలతో దానికి అన్వయం కల్పిస్తాడు. చదరంగంలోనూ బలగాలను ఒక స్థితిలో నిలిపి, ఇన్ని ఎత్తుల్లో ఆట కట్టించమనడాన్ని సమస్య అనే అంటారు. ఇటువంటి సమస్యలను, కొత్త ఆటలను కృత్రిమ మేధ మౌలికంగా సృష్టించగలదా అన్నది ఈ వ్యాస విషయం.

2. పాతబస్తీ సాక్ష్యం:

నేటి పాతబస్తీ ఒకనాటి ప్రాకార నగరం, నిజాముల రాజధాని. 18వ శతాబ్ది చివర హైదరాబాదు కవి షేర్ ముహమ్మద్ ఖాన్ ‘ఈమాన్’ పారశీకంలో ‘సర్దార్‌నామా’ అనే చదరంగ గ్రంథం రచించాడు. కవయిత్రి మహ్‌లఖా బాయి చందాకు ఈయన గురువు. హెచ్.జె.ఆర్. మర్రే 1913లో వెలువరించిన చదరంగ చరిత్రలో ఈ గ్రంథాన్ని పేర్కొన్నాడు. ఒక కవి చదరంగ గ్రంథకర్త కావడం ఆలోచింపజేస్తుంది. గజల్‌కు ఛందస్సు, అంత్యప్రాసలు ముందే నిర్ణీతం. చదరంగానికి ఎత్తుల నియమాలు ముందే నిర్ణీతం. రెండింటిలోనూ కొత్తదనాన్ని నియమాల లోపలే వెదకాలి.

3. యంత్ర సృష్టి:

ఈ పరిధిలో యంత్రం ఇప్పటికే ప్రవేశించింది. 2025లో గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు యంత్రంచేత చదరంగ సమస్యలను కూర్పించగా, ముగ్గురు నిపుణులు వాటిలోని సృజనను అంగీకరించారు. నియమాలనే కల్పించిన ఉదాహరణ అంతకంటె పాతది. కామెరాన్ బ్రౌన్ రూపొందించిన ‘లూడీ’ అనే ప్రోగ్రాం 2007లో ‘యవలథ్’ అనే ఆటను సృష్టించింది. షట్కోణ గళ్ళ పలకపై నాలుగు కాయలు వరుసగా పేర్చినవారు గెలుస్తారు. అంతకుముందే మూడు వరుసగా పడితే ఓడిపోతారు.

ఇది పాత ఆటల అంశాల కూర్పే కదా అన్న ఆక్షేపణ సహజం. అయితే పచ్చీసు నుండి పుట్టిన లూడోకు ఇంగ్లండులో పేటెంటు లభించింది. పాతదాని కూర్పు కనుక మౌలికం కాదంటే మనుషుల ఆటల్లోనూ మిగిలేవి కొద్దే.

4. ముగింపు:

కనుక భేదాన్ని కల్పనలో కాక, ఎంపికలో వెదకాలి. లూడీ ఆటలను తూచిన ప్రమాణాలు బ్రౌన్ సమకూర్చినవి. డీప్‌మైండ్ సమస్యలకు విలువ కట్టినవారు నిపుణులు. పులిజూదానికి కర్త పేరు తెలియదు. తరతరాలుగా ఆడినవారే దానిని నిలబెట్టారు. యంత్రం కొత్త ఆటను కల్పించగలదు. అది ఆడదగినదని తేల్చవలసినది ఆడేవారే. అవధాన సభలోనూ పూరణకు తుది తీర్పు సహృదయులదే.