కాగితంపై డిజిటల్ సమాచార నిల్వ

కంప్యూటర్ ఫైళ్లను చుక్కలుగా, గడులుగా లేదా రంగు గుర్తులుగా కాగితంపై ముద్రించి, స్కానర్‌తో తిరిగి చదివే విధానం. 2006లో కేరళ విద్యార్థి ఒకరు రంగుల ఆకృతుల సాయంతో ఒక్క ఏ4 కాగితంపై 256 గిగాబైట్లు నిలవచేయవచ్చని ప్రకటించడంతో ఇది చర్చకు వచ్చింది.

ఆ ప్రకటన లెక్కకు నిలవదు. 210×297 మిల్లీమీటర్ల ఏ4 కాగితంపై అంగుళానికి 600 చొప్పున పట్టే చుక్కలు సుమారు 3.48 కోట్లు. చుక్కకొక బిట్ అనుకుంటే 4.35 మెగాబైట్లు, 256 గిగాబైట్లకు దాదాపు 59 వేల పేజీలు కావాలి. ఒక్కో చుక్కకు 256 రంగులు వాడినా పేజీకి దక్కేది 35 మెగాబైట్లలోపే. వృత్తమైనా త్రిభుజమైనా ఆ చుక్కలతోనే ఏర్పడుతుంది కనుక ఆకృతులు సామర్థ్యాన్ని పెంచవు. ఆచరణలో దక్కేది ఇంకా తక్కువ: 177×177 గడుల అతిపెద్ద క్యూఆర్ కోడ్‌లో పట్టేది 2,953 బైట్లు. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావడంతో అది 984 సంకేతాలకే చాలుతుంది.

రాజమహేంద్రవరం వంటి గోదావరి డెల్టా ఊళ్లలో గాలి తేమ మరో అవరోధం. తేమకు కాగితం నారకు అడ్డంగా ఎక్కువగా, పొడవునా తక్కువగా సాగి, చుక్కల వరుస చెదురుతుంది. తాళపత్రంలో పురుగు తిన్న అక్షరాన్ని సందర్భాన్ని బట్టి పోల్చుకోవచ్చు. కానీ కుదించిన ఫైలులో కొన్ని బిట్లు పోయినా, దోష సవరణ లేకుంటే మిగతాది తెరుచుకోకపోవచ్చు.

కొద్దిపాటి సమాచారానికి ఈ విధానం నమ్మదగినదే. ఆధార్ పత్రంపై క్యూఆర్ కోడ్‌లో వ్యక్తి వివరాలు, చిన్న ఫొటో, డిజిటల్ సంతకం ఇమిడి ఉంటాయి.